పెద్ద దుకాణంలో కొన్న పనిముట్టు నాసిరకమైతే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. చాలా ఏళ్ళుగా బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటూ ఇళ్ళలో అల్మారాలు, వంటింటి చెక్కపని చేస్తున్నాను. ఇద్దరు కుర్రాళ్ళు నాకు సాయంగా ఉంటారు. రెండు నెలల క్రితం, నగరంలో చాలా శాఖలున్న ఒక పెద్ద దుకాణంలో పేరున్న కంపెనీ డ్రిల్లింగ్ మిషన్ 4,200 రూపాయలకు, ఆ దుకాణం తన సొంత పేరుతో అమ్మే పానాల సెట్టు 1,350 రూపాయలకు కొన్నాను. రోజంతా చెక్కపనికి వాడతానని చెబితే, అక్కడి సేల్స్ కుర్రవాడు ‘హెవీ డ్యూటీ మిషన్ సార్, ఏమీ కాదు’ అన్నాడు. పెట్టె మీద కూడా ‘హెవీ డ్యూటీ’ అనే ఉంది. ఐదు వారాలకే లోపల గేర్లు అరిగి, మోటారు తిరుగుతున్నా చక్ (బిట్టును పట్టుకునే భాగం) తిరగడం మానేసింది. పానాల్లో 13 నంబరుది మొదటి వారంలోనే నోరు విచ్చుకుంది. దుకాణం వారు ‘ఏడు రోజులు దాటాయి, కంపెనీతో మాట్లాడుకోండి’ అన్నారు. సర్వీస్ సెంటర్ వారు ‘ఇది ఇంటి వాడకానికి చేసిన మిషన్, మీరు వృత్తికి వాడారు, వారంటీ వర్తించదు’ అన్నారు. ఎస్.జె.పి. రోడ్డులో సామాను అమ్మేవాళ్ళేమో, పెద్ద దుకాణాల కోసం కంపెనీలు తక్కువ రకం సరుకు విడిగా చేయిస్తాయని, పైన పేరు ఒకటే గాని లోపల సరుకు వేరని అంటున్నారు. ఇది నిజమేనా? నిజమైతే కేసు వేయవచ్చా? ఎవరి మీద వేయాలి?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. పెద్ద దుకాణాల్లో దొరికే పనిముట్లు మొత్తంగా తక్కువ రకానివన్నది ఒకటి. మీరు కొన్న మిషన్, పానా మీకు చెప్పినట్టుగా లేవన్నది మరొకటి. మొదటిదాని మీద వినియోగదారుల కమిషన్ (వినియోగదారుల కోర్టు) తీర్పు చెప్పదు, ఆ తీర్పు మీకు అవసరమూ లేదు. రెండోదాని మీద మీకు చెప్పుకోదగ్గ కేసే ఉంది. అయితే ఫిర్యాదులో మొదటి మాటను ముందుకు తెస్తే, ఎదుటి పక్షం వకీలు దాన్నే పట్టుకుని, ఆధారం లేని ఆరోపణలు చేస్తున్నారంటూ మీ అసలు కేసును కూడా పలచన చేస్తారు.

బజారు మాటలో నిజం ఎంత అన్నది ముందు చూద్దాం, ఎందుకంటే మీరు దేన్ని రుజువు చేయాలో దాన్ని బట్టే తేలుతుంది. పెద్ద దుకాణాల అరల్లో ఉండే పనిముట్లు మూడు రకాలుగా ఉంటాయి. కొన్ని అన్ని చోట్లా అమ్మే మోడళ్ళే. అదే ఫ్యాక్టరీ నుంచి అదే పెట్టెలో వస్తాయి, దుకాణం మారినంత మాత్రాన వాటి నాణ్యత మారదు. కొన్ని ఒక నిర్ణీత ధరకు సరిపోయేలా ప్రత్యేకంగా చేయించినవి. వీటి మోడల్ నంబరులో ఒక అక్షరమో, అంకెయో తేడా ఉంటుంది. మూడో రకం, మీ పానాల సెట్టులాగా, ఎవరో తయారు చేయగా దుకాణం తన ముద్ర వేసుకుని అమ్మేవి. వీటికి తోడు, పెద్ద కంపెనీలే వేర్వేరు వాడకందార్ల కోసం వేర్వేరు వరుసలు నడుపుతాయి. బాష్ కంపెనీ వృత్తిపనివారి మిషన్లను నీలం రంగులోనూ, ఇంటి వాడకానివి ఆకుపచ్చలోనూ తెస్తుంది. డెవాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెకర్ మూడూ ఒకే యాజమాన్యం కింద ఉన్న పేర్లే అయినా, అన్నింటినీ ఒకే వాడకందారును ఉద్దేశించి చేయరు. పెద్ద దుకాణానికి వచ్చేవారిలో ఎక్కువ మంది గోడకు నాలుగు మేకులు దిగ్గొట్టుకునే గృహస్థులు గనుక అక్కడి అరల్లో ఇంటి వరుస ఎక్కువగా ఉంటుంది, ఎస్.జె.పి. రోడ్డుకు వచ్చేది మీలాంటి పనివారు గనుక అక్కడ వృత్తి వరుస ఎక్కువగా ఉంటుంది. అందువల్ల ఆ వ్యాపారులు గమనించిన తేడా చాలావరకు ఉన్నదే. కానీ దానికి కారణం ఏ వరుస సరుకు ఎక్కడ పెడుతున్నారన్నదే తప్ప, ఒకే నంబరు వేసి లోపల మార్చేస్తున్నారన్నది దానంతట అదే రుజువు కాదు. అలా చెప్పేవారు మీకు సరుకు అమ్మవలసినవారు కూడా అన్న సంగతి మరచిపోకండి.

ఈ తేడా చట్టం దృష్టిలో చాలా పెద్దది. వేరే నంబరుతో, తక్కువ ధరకు, తేలికపాటి మిషన్ చేసి అమ్మడం నేరమూ కాదు, మోసమూ కాదు. ఇంటి వాడకపు డ్రిల్లులో గేర్లు నైలాన్‌వి కావచ్చు, బాల్ బేరింగ్ ఉండవలసిన చోట బుష్ అనే సాదా తొడుగు ఉండవచ్చు. పెట్టె మీద లోహపు గేర్లని రాసి ఉంటే తప్ప, నైలాన్ గేరు ఉండడమే లోపం అనిపించుకోదు. కాని ఒకే పూర్తి మోడల్ నంబరు వేసి, ఒక దుకాణానికి ఒక రకం, మరొక దుకాణానికి ఇంకొక రకం లోపలి భాగాలతో పంపితే, అది ఒక వస్తువును అది కాని ప్రమాణానిదిగా, అది కాని మోడల్‌గా చూపించడమే. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి కింద చేర్చింది.

దీన్ని మీరే కొంతవరకు పరీక్షించుకోవచ్చు. మిషన్ ఒంటి మీద అతికించిన ప్లేటును ఫోటో తీసి, మోడల్ నంబరును చివరి అక్షరం వరకు, వోల్టులు, వాట్లు, నిమిషానికి తిరిగే చుట్లు, సీరియల్ నంబరుతో సహా రాసుకోండి. అదే మోడల్ ఎస్.జె.పి. రోడ్డులో దొరికితే ఆ ప్లేటుతో పోల్చండి. అంతకంటె నమ్మదగినది సర్వీస్ సెంటర్ల దగ్గర ఉండే విడిభాగాల పటం. ప్రతి గేరుకూ, బేరింగుకూ అందులో ఒక పార్ట్ నంబరు ఉంటుంది. రెండు మిషన్ల మోడల్ నంబరు ఒకటే అయి, గేరు పార్ట్ నంబరు కూడా ఒకటే అయితే, బజారు మాట మీ మిషన్ విషయంలో తేలిపోయినట్టే. పార్ట్ నంబర్లు వేరైతే మాత్రం వెంటనే మోసమని తేల్చకండి. తయారీదార్లు కాలక్రమంలో భాగాలను మారుస్తూ ఉంటారు గనుక, ఒకే కాలంలో తయారైన రెండు మిషన్లనే పోల్చాలి.

ఇప్పుడు మీ అసలు కేసుకు వద్దాం. సెక్షన్ 2(10) ప్రకారం లోపం అంటే, ఏదైనా చట్టం వల్ల గాని, స్పష్టంగా చెప్పుకున్న లేదా అంతర్లీనంగా ఉన్న ఒప్పందం వల్ల గాని, అమ్మేవారు ఏ విధంగానైనా చెప్పుకున్న దాని వల్ల గాని ఉండవలసిన నాణ్యతలో, ప్రమాణంలో వచ్చిన లోటు. ‘ఏ విధంగానైనా చెప్పుకున్న’ అన్న భాగమే మీకు ఆధారం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘హెవీ డ్యూటీ’ అని ఉంది. లోపలి కార్డులో ఇంటి వాడకానికి మాత్రమే అని ఉంటే, ఆ కార్డు మీరు డబ్బు కట్టి పెట్టె విప్పిన తరువాత గాని మీ కంట పడదు. ‘హెవీ డ్యూటీ’ అనేది వ్యాపారులు మామూలుగా చేసుకునే పొగడ్త మాత్రమేనని కంపెనీ వాదిస్తుంది. ఆ పదం ఒక్కటే ఉండి ఉంటే ఆ వాదనకు కొంత బలం ఉండేది. పైన ఒకటి చెప్పి, లోపల దానికి సరిగ్గా విరుద్ధంగా మినహాయింపు పెట్టుకున్నవారు అదే వాదనతో తప్పించుకోవడం, నా అభిప్రాయంలో, అంత తేలిక కాదు.

సేల్స్ కుర్రవాడి మాట కూడా వృథా పోదు. వస్తు విక్రయ చట్టం 1930, సెక్షన్ 16(1) ప్రకారం, కొనేవాడు తన అవసరం ఏమిటో చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి తగినట్టు ఉంటుందన్న షరతు ఒప్పందంలో దానంతట అదే చేరుతుంది. అయితే పేరున్న బ్రాండు వస్తువును పేరు పెట్టి కొన్నప్పుడు ఈ షరతు వర్తించదన్న మినహాయింపు కూడా అక్కడే ఉంది. ఎదుటి పక్షం తప్పకుండా దాన్ని ఎత్తుతుంది. దీనికి లా విద్యార్థులందరూ చదివే 1925 నాటి ఇంగ్లండు తీర్పు ఒకటుంది. సుఖంగా ప్రయాణించే కారు కావాలని అడిగిన వ్యక్తికి అమ్మకందారు బుగాటీ కారు సరిపోతుందని చెప్పి అమ్మాడు, అది పనికి రాలేదు. బ్రాండు పేరుతో కొన్నా, అమ్మేవాడి సలహా మీదనే కొన్నాడు గనుక మినహాయింపు వర్తించదని కోర్టు చెప్పింది. మన సెక్షన్ ఆ దేశపు పాత చట్టం నమూనాలోనే రాసినది గనుక ఈ తర్కం ఇక్కడా చెప్పుకోవచ్చు. మీరు ‘ఫలానా మిషన్ ఇవ్వండి’ అని నేరుగా అడిగారా, ‘రోజంతా చెక్కపనికి ఏది బాగుంటుంది’ అని అడిగారా అన్నది అందుకే ముఖ్యం. ఉన్నది ఉన్నట్టు గుర్తు చేసుకుని రాయండి. ఆ రోజు మీ వెంట వచ్చిన కుర్రవాడు ఉంటే అతని అఫిడవిట్ (ప్రమాణ పత్రం) జత చేయవచ్చు, కమిషన్ సాధారణంగా అఫిడవిట్లు, పత్రాల మీదే విచారణ జరుపుతుంది.

సర్వీస్ సెంటర్ వారు చెప్పిన ‘వృత్తికి వాడారు’ అన్న మాట వెనుక మరొక చిక్కు పొంచి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు. కాని స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొని తానే వాడుకునేవాడికి ఈ నిషేధం లేదని అదే సెక్షన్ వివరణలో ఉంది. సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో ఈ సంగతిని విడమరచి, బతుకుతెరువు కోసం లేత్ మిషన్ కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని చెప్పింది. మీ ఇద్దరు కుర్రాళ్ళ విషయానికి ఇంతకంటె దగ్గరి మాట మరొకటి దొరకదు. పైగా, కొన్నది వ్యాపార ప్రయోజనానికేనని రుజువు చేయవలసిన భారం ఆ మాట అన్నవారిదేనని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒక్క విషయం మాత్రం చూసుకోండి: బిల్లు ఎవరి పేర ఉంది, దాని మీద జి.ఎస్.టి. నంబరు వేయించారా? నంబరు వేయించి పన్ను వెనక్కి తీసుకుని ఉంటే ఎదుటి పక్షం ఆ బిల్లునే మీ మీద సాక్ష్యంగా చూపుతుంది. అప్పుడు ఫిర్యాదులో మీ ఆదాయం, మీరు స్వయంగా చేసే పని, సహాయకుల సంఖ్య మొదటి పేరాల్లోనే స్పష్టంగా రాయాలి.

ఎవరి మీద వేయాలన్న ప్రశ్నకు జవాబు, రెండు వస్తువులకు రెండు విధాలుగా ఉంటుంది. డ్రిల్లుకు కంపెనీని, దుకాణాన్ని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. తయారీలో లోపం కంపెనీది, వాడకం గురించి ఇచ్చిన హామీ దుకాణానిది. పానాల సెట్టు విషయంలో దుకాణం ‘కంపెనీని అడుక్కోండి’ అనడానికి వీల్లేదు, ఎందుకంటే అక్కడ కంపెనీ అనదగినది తానే. ఇతరులు తయారు చేసిన వస్తువు మీద తన ముద్ర వేసుకున్నవాడిని కూడా సెక్షన్ 2(36) ఉత్పత్తిదారుడిగానే లెక్కిస్తుంది. ఆ సెట్టు అట్ట మీద ఏముందో చూడండి. ప్యాక్ చేసిన సరుకుల గురించి 2011లో వచ్చిన తూనికలు కొలతల నియమాల ప్రకారం తయారీదారు లేదా ప్యాక్ చేసినవారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన చోటు అట్ట మీద ఉండాలి. లేకపోతే అదొక అదనపు తప్పు. ఆ అట్టను పారేయకండి.

పానా మీద ‘క్రోమ్ వెనేడియం’ (బలం కోసం ఉక్కులో కలిపే లోహాలు) అని అచ్చు వేసి ఉందేమో కూడా చూడండి. ఉంటే, ఆ ఉక్కులో అవి ఉన్నాయా లేదా అన్నది లోహ పరీక్షలో తేలిపోతుంది. పీణ్యా పారిశ్రామికవాడలో ఇటువంటి పరీక్షలు చేసే ప్రయోగశాలలు ఉన్నాయి. కానీ పరీక్షలో ఆ లోహాలు ఉన్నాయని వచ్చినంత మాత్రాన మీరు ఓడిపోయినట్టు కాదు. ఉక్కు మంచిదైనా దాన్ని కాల్చి గట్టిపరచే పద్ధతి సరిగా లేకపోతే పానా నోరు విచ్చుకుంటుంది. అందుకని పరీక్ష చేయించేటప్పుడు లోహాల పాళ్ళతో పాటు గట్టితనం కూడా కొలవమని అడగాలి. 13 నంబరు పానాను సరిపోయే నట్టు మీదే వాడారని, పైపు తొడిగి బలవంతంగా తిప్పలేదని కూడా మీరు చెప్పగలగాలి. అట్ట మీద ఐఎస్ఐ ముద్ర ఉంటే దాని కింది లైసెన్సు నంబరును ఆ ముద్రకు అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ బి.ఐ.ఎస్. వారి ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో కొట్టి చూడండి. ఆ లైసెన్సు వేరే వస్తువుకో, వేరే సంస్థకో చెందినదని వస్తే మీ కేసు మరింత బిగుస్తుంది.

ఏడు రోజుల సంగతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోపల వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద ఏడు రోజులని అచ్చయి ఉంటే, ఈ నిబంధన కింద మిషన్ విషయంలో మీకు సాయం అందదు. పానా మొదటి వారంలోనే పాడైందన్నారు. ఆ వారంలోనే దుకాణానికి వెళ్ళి ఉంటే, వెళ్ళిన రోజుకు ఏ చిన్న ఆధారం ఉన్నా బయటికి తీయండి. కాని ఇదంతా వస్తువును తిరిగి తీసుకోవడం గురించిన గడువు మాత్రమే. లోపం గురించి ఫిర్యాదు చేసే హక్కును దుకాణం తన బిల్లు మీద అచ్చు వేసి ఏడు రోజులకు కుదించలేదు. సెక్షన్ 69 ఆ హక్కుకు రెండేళ్ళ గడువు ఇచ్చింది.

ఇప్పుడు మీరు చేయకూడని పని ఒకటుంది. తెలిసిన మెకానిక్ ఎవరైనా ‘గేరు మార్చి ఇస్తాను’ అంటే మిషన్ ఇవ్వకండి, మీరూ విప్పకండి. విప్పిన మిషన్ గురించి కంపెనీ తన రక్షణకు మొదట చెప్పే మాట ‘మార్పులు చేశారు’ అన్నదే. వస్తువును పరీక్షించకుండా లోపం తేలని పక్షంలో, సెక్షన్ 38 ప్రకారం కమిషనే నమూనాకు సీలు వేయించి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుతుంది, 45 రోజుల్లో నివేదిక రావాలి. దానికి ముందుగా ఫీజు జమ చేయమని మిమ్మల్ని అడగవచ్చు. 5,550 రూపాయల సరుకు కోసం పరీక్షకు అంతకంటె ఎక్కువ ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు గనుక, ముందు సర్వీస్ సెంటర్ నుంచే వారి పరిశీలన ఫలితాన్ని, వారంటీ నిరాకరణకు కారణాన్ని లిఖితంగా అడగండి. గేర్లు అరిగిపోయాయని వారే రాసిస్తే లోపలి స్థితి గురించి పరీక్ష అక్కరలేకపోవచ్చు. వివాదం మిగిలేది ఇంటి వాడకపు షరతు మీద మాత్రమే.

ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. వారికి తీర్పు చెప్పే అధికారం లేదు, ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు రాబడతారు. ఈ స్థాయి మొత్తాలకు పెద్ద సంస్థలు చాలాసార్లు అక్కడే దిగివస్తాయి. రాకపోతే ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, 15 రోజులు చూసి, బెంగళూరు నగర జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివసించే చోటే వేయవచ్చని సెక్షన్ 34 చెబుతుంది గనుక కంపెనీ ప్రధాన కార్యాలయం ఏ ఊళ్ళో ఉన్నా మీకు పని లేదు. సరుకు విలువ ఐదు లక్షల లోపు గనుక కోర్టు ఫీజు లేదు, ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకంటె ఎక్కువే పడుతుందని మీకు ముందే చెప్పడం నా విధి. మొదటి విచారణలోనే మధ్యవర్తిత్వానికి పంపే వీలుంది, పంపితే కాదనకండి.

ఫిర్యాదులో లోపం సరిచేయడం, వస్తువు మార్చడం, వడ్డీతో డబ్బు వాపసు — వీటిలో ఏది కావాలో స్పష్టంగా అడగండి, ఖర్చులు కూడా అడగండి. మిషన్ లేక పోయిన రోజుల కూలి గురించి మాత్రం ఆచితూచి రాయాలి. వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అన్న అధ్యాయం కింద, వస్తువుకే జరిగిన నష్టం గాని, వ్యాపార, ఆర్థిక నష్టం గాని ‘హాని’ కిందికి రావు; ఆ అధ్యాయం సుత్తి తల ఊడి కంటికి తగిలిన వంటి గాయాలకు, ఇతర ఆస్తికి జరిగిన నష్టానికి పనికొస్తుంది. మీరు అడగవలసింది సెక్షన్ 39 కింద, ఎదుటివారి నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం. ఆ రోజుల్లో మీరు అద్దెకు తెచ్చిన మిషన్ రసీదులు ఉంటే ఆ మొత్తాన్నే అడగండి. రుజువు లేని పెద్ద అంకె కంటె రసీదు ఉన్న చిన్న అంకెకు కమిషన్ దగ్గర విలువ ఎక్కువ.

చివరగా ఎస్.జె.పి. రోడ్డు వ్యాపారులు చెప్పినదాన్ని ఫిర్యాదులో రాయకండి, అది విన్న మాటే తప్ప సాక్ష్యం కాదు. నేను పైన చెప్పిన పోలికలో, ఒకే కాలంలో తయారై ఒకే మోడల్ నంబరు ఉన్న రెండు మిషన్లకు వేర్వేరు లోపలి భాగాలు ఉన్నట్టు నిజంగా తేలితే, అది మీ ఒక్కరి గొడవ కాదు; ఆ మోడల్ కొన్న అందరిదీ. అటువంటి ఫిర్యాదును సెక్షన్ 17 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు గాని, జిల్లా కలెక్టర్‌కు గాని లిఖితంగా పంపవచ్చు. కర్ణాటకలో ఆ అధికారిని డిప్యూటీ కమిషనర్ అంటారు. రెండు ప్లేట్ల ఫోటోలు, రెండు బిల్లులు, విడిభాగాల పటం నకలు జత చేయండి.